నెలలు నిండని శిశువులు – ఇనుము

గోపాలపురపు ఉప్పుగాలికి కిటికీ కడ్డీలు తుప్పు పట్టుట గోసాని నువాగాం వాసులమైన మనమెల్లరము ఎఱిగినదే. ఇనుమునకును ప్రాణవాయువునకును గల పొత్తు శరీరములో మేలును, కీడును గూడ చేయును.

రక్తములో ప్రాణవాయువును మోయుటకు ఇనుము కావలెను. తల్లి గర్భమున శిశువునకది విశేషముగా చేరునది కడపటి మూడు మాసములలోనే. కావున నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఆ నిలువ చాలదు. రక్తహీనత కలుగును, మెదడు ఎదుగుదలయు కుంటుపడవచ్చును.

అట్లని ఇనుము మితిమీరరాదు. మామూలుగా మాంసకృత్తులు దానిని పట్టి యుంచును. పలుమార్లు రక్తమెక్కించినచో ఇనుము పేరుకొని, కొంత పట్టు తప్పి, హైడ్రొజన్ పెరాక్సైడుతో కలిసి కణములను చెఱచు తీవ్రపదార్థములను పుట్టించును. ఇట్టి చర్యను ఫెంటన్ అను ఆంగ్ల రసాయనవేత్త 1894లో వెల్లడించెను. లేత శిశువునకు దీనిని అడ్డుకొను శక్తి తక్కువ. కండ్లు, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతినవచ్చును. ప్రాణవాయువును మితిమీఱి యిచ్చినను కంటి రెటీనా చెడును.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ఇనుపచుక్కల మందును వైద్యుడు చెప్పిన కొలతనే పోయుడు, సొంతముగా పెంచకుడు, మానకుడు. 34 వారములకు ముందు గాని, 2000 గ్రాములకు తక్కువ తూకముతో గాని పుట్టిన బిడ్డకు 30 దినములలోపల కంటిపరీక్ష చేయింపుడు. బరంపురమున 1962లో వెలసిన వైద్య కళాశాల మనకు చేరువనే యున్నది. అడుగుటకు జంకవలదు, గడువు దాటిన పిదప పోయిన చూపు మరల రాదు.