వరుస తప్పిన పాటలు

జనగామ బస్టాండు పరిసరములలోను, మహబూబాబాదు స్టేషను రోడ్డులోను, భూపాలపల్లి బజారులోను రీచార్జి కూపనులమ్ముకొను చిన్నచిన్న మొబైల్ దుకాణములు పదునైదేండ్ల క్రిందట మరియొక పని గూడ చేయుచుండెను. ఆ పనికి జనులు ‘పాటలెక్కించుట’ యని పేరు పెట్టుకొనిరి. పొలమునుండియో, గని డ్యూటీనుండియో, కాలేజీనుండియో వచ్చిన కుర్రవాడు ఫోను వెనుకమూత తీసి, బ్యాటరీ యూడదీసి, దాని క్రింద దాగియున్న గోరంత మెమరీ కార్డును దుకాణదారుని చేత బెట్టి, “అన్నా, కార్డు నిండ మంచి పాటలు ఎక్కియ్యరాదే” అనెడివాడు. దుకాణదారుడు దానిని రీడరులో నమర్చి, చిరంజీవి పాటల కొక ఫోల్డరు, ఇళయరాజా పాటల కొక ఫోల్డరు, బతుకమ్మ పాటలు, జానపదములు, అయ్యప్ప భజనలు, డీజే పాటలు అని కంప్యూటరులో వేరువేరుగా పేర్చుకొన్న భాండారమునుండి తనకు తోచినవి తీసి నింపెడివాడు. నాలుగు నిమిషముల ఎంపీత్రీ పాట సామాన్యముగా నాలుగు మెగాబైట్ల చోటాక్రమించును గనుక 4 జీబీల కార్డులో సుమారు వేయి పాటలు పట్టెడివి.

ఆ వేయింటిలో నచ్చనివి క్రమముగా తొలగిపోయెడివి. స్నేహితుని ఫోనునుండి బ్లూటూత్ ద్వారా కొన్ని, మేనమామ ఇంటినుండి కొన్ని, పెండ్లి వీడియో తీసినవారి యొద్దనుండి కొన్ని వచ్చి చేరెడివి. ఏడాది తిరుగునప్పటికి ఆ కార్డు దుకాణదారుని ఎంపిక గాక పూర్తిగా ఆ కుర్రవాని సొంత సంచయమయ్యెడిది. అట్టి సొంత సంచయమును, ముందువెనుకలు తానేర్పరుపక, షఫుల్ మీట నొక్కి, వచ్చిన వరుసను వచ్చినట్లే మరియొకరితో పంచుకొనుట చూచుటకు స్వల్ప విషయమే గాని, ఒక మనుష్యుని సంగీతాభిరుచిని ఇంతకంటె నిజాయితీగా తెలుపు మార్గము మరియొకటి లేదని నా దృఢాభిప్రాయము. ఇతరుల కొరకు పది పాటలేరి ఇమ్మన్నచో ఎంతటివాడైనను తన్ను గొప్పగా జూపు పాటలనే ఏరును. రాత్రివేళ ఒంటరిగా వినెడి ఘంటసాల విషాదగీతమును చెప్పునేమో గాని, దాని ప్రక్కనే భద్రపరచుకొన్న బరాతులోని తీన్మార్ దరువును దాచిపెట్టును. షఫుల్‌లో దాపరికమునకు తావు లేదు. సంచయమంతయు ఏండ్లతరబడి తాను చేసిన ఎంపిక. వరుస మాత్రము యాదృచ్ఛికము. ఈ రెండును కలియుటచేతనే అవతలివానికి మన నిజస్వరూపము తెలియును.

ఇంతకు మున్ను పాటలు పంచుకొన్నవారు లేకపోలేదు. ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్టును లోకమునకు చూపిన తరువాత, ముఖ్యముగా 1980 దశకమున, మన చిన్నపట్టణములందు గూడ రికార్డింగు షాపులు వెలసినవి. కాగితముపై పాటల పేరులు వరుసగా వ్రాసి యిచ్చినచో 60 నిమిషముల ఖాళీ క్యాసెట్టులో ఒక్కొక్క వైపున ఏడేసి పాటలు నింపి యిచ్చెడివారు. అందు వరుసయే ప్రాణము: ప్రేమించిన పిల్లకు పంపినను, దుబాయిలోనున్న అన్నకు పంపినను, ఏ పాట తరువాత ఏ పాట రావలెనో ఎంతో ఆలోచించి వ్రాసెడివారు. రేడియోలో వేరొక పద్ధతి నడచినది. 1957 అక్టోబరు 3న ఆరంభమైన వివిధభారతి ప్రసారములలో ‘జనరంజని’ కొరకు శ్రోతలు పోస్టుకార్డులు వ్రాసి పంపెడివారు. కోరినవారి పేరులు, ఊరి పేరులు చదివి పాట వేసెడివారు. ఎవరి కోరిక తరువాత ఎవరి కోరిక వచ్చునో వినువానికి ముందుగా తెలియదు. షఫుల్ వలన నేడు కలుగు ఆశ్చర్యమును మన పెద్దలు ఆ విధముగా ఆనాడే చవిచూచిరి.

ఇక యంత్రము పాటల నెట్లు కలుపునో తెలిసికొందము. ఇది మిక్కిలి సులభము, ఇంటిలో చేసి చూడదగినది. పది చీటీలపై పది పాటల పేరులు వ్రాసి వరుసగా నేలపై పరచుడు. కన్నులు మూసికొని పదింటిలో నొకదానిని తాకి, దానిని పదవ స్థానమున బెట్టి, అక్కడ నున్న చీటీని దీని చోటికి మార్చుడు. పదవది ఇక కదలదు. మిగిలిన తొమ్మిదింటిలో మరల నొకదానిని తాకి తొమ్మిదవ స్థానమునకు చేర్చుడు. ఇట్లు క్రిందికి దిగుచు రెండవ స్థానము తేలువరకు చేసినచో సంపూర్ణమైన కలుపు సిద్ధించును. రొనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ అను గణాంకశాస్త్రవేత్తలు 1938లో ప్రకటించిన పద్ధతిని 1964లో రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ కంప్యూటరునకు అనువుగా ఇట్లు మలచెను. పది పాటలకు సాధ్యమగు వరుసలు 36,28,800. వానిలో ఏ వరుసకును ఎక్కువ తక్కువలు లేక, అన్నిటికిని సమానావకాశము లభించును. పాటలు ఇరువదియైనచో వరుసల సంఖ్య 24 వేల కోట్ల కోట్లు దాటును. కాబట్టి మీరొక సాయంకాలము విన్న వరుస, ఆ పాటలకు సంబంధించినంతవరకు, లోకములో మరియెవరును వినియుండని వరుసయని ఇంచుమించు నిశ్చయముగా చెప్పవచ్చును.

అయినను షఫుల్‌పై ఫిర్యాదులు తరచుగా వినవచ్చును: “ఇది సరిగా కలుపుట లేదు, ఒకే గాయకుని పాటలు వెంటవెంటనే వచ్చుచున్నవి” అని. లెక్క చూడుడు. యాబది పాటలలో పది ఘంటసాలవి యనుకొందము. నిష్పక్షపాతముగా కలిపినచో, ఘంటసాల పాట వెనువెంటనే మరల ఘంటసాల పాట వచ్చు సందర్భములు సగటున 1.8, అనగా దాదాపు రెండు. ఆ పదింటిలో ఏ రెండును ప్రక్కప్రక్కన రాకుండుట నూరుసార్లు కలిపినచో పదునొకండు సార్లు మాత్రమే సంభవించును. మన మనస్సు యాదృచ్ఛికమనగా సమముగా వెదజల్లుటయని భావించును. నిజమైన యాదృచ్ఛికము గుంపులు కట్టును. ఈ మనఃస్వభావమును గ్రహించియే ఆపిల్ సంస్థ 2005లో ఐట్యూన్స్‌నందు, పాటలెంతెంత దూరముగా చెదరవలెనో శ్రోతయే నిర్ణయించుకొను ‘స్మార్ట్ షఫుల్’ను ప్రవేశపెట్టినది, స్పాటిఫై 2014లో, ఒక్కొక్క గాయకుని పాటలు జాబితా పొడవునను విస్తరించునట్లు తన పద్ధతిని మార్చినది. ఒంటరిగా వినుటకు ఆ సవరణ హాయిగా నుండవచ్చును. ఇతరులతో పంచుకొనునప్పుడు మాత్రము సవరింపని షఫులే మేలని నా కనిపించును. ఎందుకనగా ఒక గాయకునిపై మనకుగల మక్కువ ఎంతటిదో ఆ గుంపులే చెప్పును.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోని ఒక సంచయమును కలిపినచో ఏమేమి ప్రక్కప్రక్కన వచ్చునో ఊహించుట నాకు మిక్కిలి ప్రియమైన విషయము. మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరులో 1925 జూలై 22న జన్మించి, నిజాము పాలన నెదిరించి నిజామాబాదు జైలులో మగ్గిన దాశరథి కృష్ణమాచార్యులు, 1961లో సినిమా పాటలలోనికి వచ్చిరి. భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలములోని చల్లగరిగలో పుట్టిన చంద్రబోస్, 1995లో ‘తాజ్‌మహల్’తో ఆరంభించి, ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’కు 2023 మార్చిలో కీరవాణితో కలిసి ఆస్కారు నందుకొనెను. జనగామకు చేరువనున్న రేబర్తిలో పుట్టి, గొడ్లు కాచి, తాపీపని చేసి, బడిచదువు లేకయే కవియైన అందెశ్రీ వ్రాసిన ‘జయ జయహే తెలంగాణ’, 2024 జూన్ 2న, అదే కీరవాణి సంగీతములో రాష్ట్రగీతముగా వెలువడినది. తాత విన్న దాశరథి పాట, మనుమడు గంతులు వేసిన చంద్రబోస్ పాట, బడిపిల్లలు నిలువబడి పాడు అందెశ్రీ పాట, మూడును ఒకే ఫోనులో నున్న యిండ్లు ఈ ప్రాంతమున అరుదు గావు. గీతములు వేరు, కాలములు వేరు, పాడు సందర్భములు వేరు, ఏ సంకలనకర్తయు వీనిని ఒకేచోట కూర్పడు, షఫుల్ కూర్చును. ఒకదాని వెంట నొకటి విన్నప్పుడే, ఇంత చిన్న ప్రాంతమునుండి ఇంత భిన్నమైన పాటలు పుట్టినవా యను విస్మయము కలుగును.

సినిమా పాటలతోనే సంచయము ముగియదు. భూపాలపల్లిలో కేటీకే బొగ్గు గనులు తెరచిన తరువాత సింగరేణివారి ఇతర పట్టణములనుండి బదిలీపై వచ్చిన కుటుంబములు తమతమ క్యాసెట్లను వెంటదెచ్చుకొనినవి. మూడు షిఫ్టులలో పనిచేయువాని యింట భక్తిగీతము తెల్లవారుజామునకే గాక, రాత్రి షిఫ్టు దిగి వచ్చిన వేళకు గూడ తగియుండును. కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య అమరుడైన జనగామ ప్రాంతమున తెలంగాణ సాయుధపోరాటపు పాటలు ఇంటింటి ఆస్తి. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటలు ‘మా భూమి’ చిత్రము ద్వారా మరల క్యాసెట్లకెక్కి, అక్కడనుండి తెలంగాణ ఉద్యమపు ధూంధాం వేదికలకు, అక్కడనుండి మెమరీ కార్డులకు చేరినవి. మహబూబాబాదు లంబాడీ తండాలలో, బుట్టలలో గోధుమ నారు పెంచి, పెండ్లికాని ఆడపిల్లలు తొమ్మిది దినములు జరుపు తీజ్ పండుగ పాటలు ఎవరో ఒక అక్కయో వదినయో ఫోనులో పట్టినవి గలవు. వెనుక కుక్క మొరుగుట, నడుమ పసిపిల్ల యేడ్పు, చివర నవ్వులు గూడ అందు వినబడును. కంపెనీలు విడుదల చేసిన పాటల నడుమ హఠాత్తుగా అట్టి పాట వచ్చినప్పుడు, సంచయమును పంపినవాని యింటి వాకిటిలో నిలుచున్నట్లే యుండును. ఏ పాటల యాపును దానిని మనకు సూచింపజాలదు, ఏలయన అది ఆ యొక్క ఫోనులో దప్ప మరెక్కడను లేదు. సొంత సంచయమునకును, అద్దెకు తెచ్చుకొన్న పాటల సముద్రమునకును గల భేదమిదియే.

అయితే కలుపదగనివి గూడ గలవు. ఇచ్చట జాగ్రత్త యవసరము. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలములోని మాణిక్యాపురమునకు చెందిన ఒగ్గుకథా చక్రవర్తి చుక్క సత్తయ్య 2017లో దివంగతులైరి గాని ఒగ్గుకథ ఫోనులలో నేటికిని నడచుచునే యున్నది. మల్లన్న కథయో, బీరప్ప కథయో రాత్రి పొడవునా సాగునది. క్యాసెట్టు నిడివికి, తరువాత ఫైలు నిడివికి దానిని భాగములుగా కోసిరి. ఆ భాగములు షఫుల్‌లో పడినచో పెండ్లి ముందు, పుట్టుక వెనుక వచ్చును. జనగామ జిల్లాకే చెందిన బమ్మెర పోతన పద్యములకును ఇదే గతి: గజేంద్రమోక్షమును పద్యమునకొక ఫైలుగా నుంచినవారి ఫోనులో, ఏనుగు మొరపెట్టక మునుపే విష్ణువు వచ్చి మొసలి తల తునుమును. ఇట్టివానిని ఒకే ఫైలుగా అతికించుట గాని, వేరొక ఫోల్డరులో నుంచి షఫుల్‌నుండి తప్పించుట గాని చేయవలెను. కొన్ని ప్లేయరులలో ‘షఫుల్‌లో విడిచిపెట్టుము’ అను ఏర్పాటు ఇందు కొరకే యున్నది. బతుకమ్మ పాటలకు ఈ భయము లేదు. ఏ పాట కా పాట సంపూర్ణమైనది.

చట్టము సంగతి రెండు మాటలలో చెప్పుదును. జాబితాలోని పేరులను ఎవరికైనను పంపవచ్చును. పాటల రికార్డింగులు మాత్రము 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, విడుదలైన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లవరకు హక్కుదారులవి. సాహిత్యము, బాణీ హక్కులు కర్తల మరణానంతరము మరి 60 ఏండ్లుండును. కావున కొత్త పాటలకు జాబితా పంపి అవతలివారిని న్యాయమైన చోట వినుమనుట ఉచితము. తమ యింట, తమ తండాలో, పాడినవారి అనుమతితో తాము రికార్డు చేసికొన్న సంప్రదాయపు పాటలను పంచుటకు అడ్డంకి యుండదు. నన్నడిగినచో, మొదట పంచవలసినవి అవియే.

పంచుటకు ముందు చేయవలసిన పని యొకటి గలదు. మెమరీ కార్డులు శాశ్వతములు గావు, చెప్పకయే చెడిపోవును. ఆనాడు దుకాణములో నింపించిన కార్డు ఇంకను పెట్టె అడుగున నున్నచో, దానిని రీడరులో బెట్టి మరియొకచోట నకలు తీసి యుంచుకొనుడు. అందలి ఫైళ్లకు ‘ట్రాక్ 07’ అనియు, ‘వాయిస్ 0023’ అనియు నున్న పేరులు మార్చి, పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము తెలుగులోనే వ్రాయుడు. లంబాడీ పాటకైనను తెలుగు లిపి చాలును. ‘వాయిస్ 0023’ ఎవరి గొంతో నేడు ఇంటిలో నందరికిని తెలిసియే యుండవచ్చును. షఫుల్‌లో దానిని వినబోవు పొరుగూరివారికి తెలియదు. అమ్మమ్మ పాడిన పాటయైనచో, ఆమె యున్నప్పుడే ప్రక్కన గూర్చుండి, ఆ పాట ఆమెకెవరు నేర్పిరో గూడ అడిగి వ్రాసికొనుడు.