త్రుప్పు పట్టిన ఉలి

శ్రీకాకుళము జిల్లాలో నౌపడ ఉప్పుమళ్లు ప్రసిద్ధములు. ఆ తీరమున వీచు గాలిలో తేమయే గాక ఉప్పును కలసియుండును. పొలముగట్టున మఱచిపోయిన కొడవలి ఒక్క వర్షకాలములోనే ఎఱ్ఱబాఱుట అందువలననే. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కలిసినపుడు త్రుప్పు పుట్టును. ఉప్పు ఆ పనిని త్వరపఱచును. రాగిపై ఏర్పడు పొర లోహమును అంటిపట్టుకొని కొంతవఱకు దానిని కాపాడును. త్రుప్పు అట్టిది కాదు. అది ఉబ్బి, పెచ్చులుగా రాలిపోవును. రాలినచోట క్రొత్త ఇనుము బయటపడి మరల త్రుప్పు పట్టును. ఢిల్లీలోని ఇనుపస్తంభము 1,600 ఏండ్లుగా నిలిచియున్నది. దాని ఇనుములో భాస్వరము అధికముగా నుండుటచే పైని రక్షకమగు పలుచని పొర యేర్పడినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన ఇండ్లలోని గొడ్డళ్లకు అట్టి భాగ్యము లేదు!

బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి వీణలకు పేరు గన్నది. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడువఱకు ఆ ప్రాంతము శ్రీకాకుళము జిల్లాలోనిదే. పనసదుంగను తొలిచి వీణ చేయువారికి ఉలి ప్రాణము వంటిది. ఉలి అంచున చిన్న త్రుప్పుగుంట యున్నను కొయ్యపై గీత పడుచునే యుండును. గుంట అడుగువఱకు ఉక్కును అరగదీసినగాని ఆ గీత పోదు.

పైపై త్రుప్పునకు ఇటుకపొడియు నూనెయు చాలును. లోతుగా దిగినచో పిడిని ఊడదీసి, ఉలిని చింతపండు పులుసులో నానవేయుట మేలు. అందలి ఆమ్లము త్రుప్పును కరగించును. అయితే త్రుప్పు కరిగిన పిదప ఆ పులుసే మంచి ఇనుమును గూడ తినసాగును. కావున కొన్ని గంటల కొకసారి పైకి తీసి, కొబ్బరిపీచుతో తోమి చూడవలెను. పిమ్మట చాకలిసోడా కలిపిన నీటిలో ముంచి పులుపును విఱిచి, మంచినీట కడిగి, వెంటనే తుడిచి ఎండలో ఆరబెట్టవలెను. తడిగా వదలినచో గంటలోనే ఎఱుపు మరల తలయెత్తును.

కొందఱు తొందరపడి ఉలిని నిప్పులో కాల్చి త్రుప్పును రాల్చుదురు. ఇంతకంటె తెలివితక్కువ పని లేదు. కమ్మరి కాచి, నీట ముంచి, ఎంతో నేర్పుతో పెట్టిన పదను ఆ వేడికి దిగిపోవును. సానచక్రముపై అదిమిపట్టినను అంతే. అంచు నీలిరంగు తిరిగినచో పదను పోయినట్లే. మరల కొలిమికి పోవుట తప్ప గత్యంతరము లేదు.

శుభ్రమైన ఉలికి ఆముదము పూయుట మంచిది. అది చిక్కనిది గనుక త్వరగా జాఱిపోదు. వర్షకాలమున నెలకొకసారి చూచి మరల పూయవలెను. ఉప్పుకుండ దాపున మాత్రము ఉంచరాదు.