ఛాయాచిత్రము క్రింది పేరు

అనంతపురము జిల్లా కుందుర్పి కొండకోట చుట్టుపట్ల, వేరుసెనగ చేనును వానమబ్బును నమ్ముకొని కాలము వెళ్లబుచ్చు కుటుంబములలో, తాత రూపమెట్టిదో మనుమనికి చూపగల పటమున్న యిల్లు మిక్కిలి యరుదు. పెండ్లినాటి ఫోటో యొకటి గోడకు వ్రేలాడుచుండును. తక్కినవన్నియు రేషను కార్డుకో, పాసుపుస్తకమునకో, హాల్ టికెట్టుకో తీయించుకొన్న పాస్‌పోర్టు సైజు ముఖములే. 1969లో అనంతపురమునకు వచ్చి ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అను సేవాసంస్థను నెలకొల్పిన విన్సెంట్ ఫెర్రర్ దాతల తోడ్పాటుతో పేదబిడ్డలను చదివింప బూనిన పిదప, బిడ్డ ఫోటో సముద్రము దాటి స్పెయిన్‌లోని దాత యింటికి చేరుట యీ జిల్లాలో వాడుకయైనది. అదియు దాత కొరకు తీసినదే.

ఇట్టి సీమనుండి బయలుదేరిన విద్యార్థి, జెసూటు సభవారు 1953లో స్థాపించిన విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల వంటి కథోలిక విద్యాలయమున చేరి, హాస్టలులో మూడేండ్లు గడిపి, తుదకు తన ముఖమును, దాని క్రింద తన పేరును అచ్చున నిలిపిన వార్షిక సంచికను చేతబట్టుకొని యూరికి తిరిగి వచ్చినచో, ఆ పుస్తకము ఆ యింటి మొదటి చరిత్రగ్రంథ మగుననుట అతిశయోక్తి గాదు. కావుననే అట్టి సంచికను కూర్చు విద్యార్థి సంఘములయు, ఛాయాచిత్ర సంఘములయు పనిని వినోదముగా నెంచుట నాకు సమ్మతము గాదు.

ఏటి వృత్తాంతమును ఏటనే వ్రాసి పదిలపరచుట కథోలిక సభలలో పాత యాచారము. పదునెనిమిదవ శతాబ్ది తొలినాళ్ల నుండి కర్ణాటక మిషను పేర ఈ పీఠభూమి ప్రాంతములలో సంచరించిన ఫ్రెంచి జెసూట్లు స్వదేశమునకు వ్రాసిన లేఖలు, 1702లో పారిస్ నగరమున ఆరంభమైన లేఖాసంపుటముల పరంపరలో చోటు చేసికొన్నవి. విద్యార్థుల ముఖములతో నిండిన సంచిక మాత్రము అమెరికా దేశపు సంప్రదాయము. 1860 ప్రాంతమున బోస్టనులో జార్జి వారెన్ అను ఛాయాచిత్రకారుడు, ఒక్క నెగటివు నుండి ఎన్ని ప్రతులనైనను తీయవచ్చునను సౌకర్యమును గుర్తించి, పట్టభద్రుల చిత్రములను ఆల్బములుగా కట్టి విక్రయించెను; నోటర్ డామ్ కథోలిక విశ్వవిద్యాలయపు సంచికయైన ‘డోమ్’ 1906లో మొదలైనది.

మన దేశమున వెనుకటి కళాశాల సంచికలను త్రిప్పి చూచినవారికి, వ్యాసములన్నియు సాదా కాగితముపైనను, ఫోటోలన్నియు నడుమ నొకచోట నునుపైన ఆర్టు పేపరుపైనను కనబడును. కారణము బ్లాకు. ఫోటోను సన్నని గీతల తెరగుండ మరల చిత్రించి, వెలుగునీడలను చిన్న పెద్ద చుక్కలుగా విడగొట్టి, ఆ చుక్కలు మాత్రము ఉబ్బెత్తుగా నిలుచునట్లు లోహపు రేకును ఆమ్లముతో తినిపించినగాని హాఫ్‌టోన్ బ్లాకు తయారు కాదు. అది ఖర్చుతో గూడిన పని. అందువలన ముఖ్య అతిథికి, విద్యార్థి సంఘ నాయకులకు, కప్పు గెలిచిన జట్టునకు చోటు దొరకెను. గెలువనివానికి, నోరు లేనివానికి దొరకలేదు. నేడు ఆ ఖర్చు తొలగిపోయినను, పాత యలవాటు మాత్రము తొలగలేదు. వేదిక, పూలదండ, జ్యోతి ప్రజ్వలనము: ఇవియే పుటలకు పుటలు నిండుచున్నవి. తరగతిలో చివరి బెంచీపై కూర్చుండు పిల్లవాడు, మెస్సులో అన్నము వడ్డించు వంటమనిషి, గంట కొట్టు అటెండరు ఏ పుటలోను కానరారు. ఛాయాచిత్ర సంఘము తన కెమెరాను మొట్టమొదట త్రిప్పవలసినది అటువైపే యని నా దృఢమైన యభిప్రాయము.

ఆ పనికి నేర్పు కావలెను. తెల్లచొక్కాలు తొడిగిన యిరువదిమందిని వరుసగా నిలిపి ఫోటో తీయునప్పుడు, కెమెరా తనంతట తాను వెలుగును కొలుచుకొని, ఆ తెలుపును చూచి దృశ్యమంతయు మిక్కిలి ప్రకాశవంతమని భ్రమించి కాంతిని తగ్గించును. చొక్కాలు చక్కగా వచ్చును, చేలలో ఎండకు కమిలిన మన పిల్లల ముఖములు చీకటిలో కలిసిపోవును. తెలిసినవాడు అర స్టాపో, ఒక స్టాపో ఎక్స్‌పోజరు పెంచి, ముఖమును ఆధారముగా గొనును. మిట్టమధ్యాహ్నపు టెండలో కనుగుంటలు నల్లబడును గనుక, ఉదయము తొమ్మిది లోపలనో, లేదా వేపచెట్టు చిక్కని నీడలోనో నిలువబెట్టును. పొట్టివారిని ముందునకు రమ్మని, కన్నులు మూసినవారుందురని యెంచి, ఒకే వరుసను నాలుగైదు మారులు తీయును.

అయినను సగము పని యింకను మిగిలియే యుండును. కూర్చున్నవారు, నిలుచున్నవారు, ఎడమనుండి కుడికి: ఈ జాబితాను ఫోటో తీసిన గడియలోనే, వరుస చెదరకముందే, ఒకడు కాగితముపై వ్రాసికొనవలెను. రేపటికి వాయిదా వేసినచో ఇద్దరి పేర్లు తారుమారగును. పదియేండ్లకు ఆ ముఖమెవరిదో చెప్పువాడుండడు. పేర్ల అచ్చులోను పొరపాట్లు మెండు. కన్నడ సరిహద్దునంటియున్న మా ప్రాంతమున తిప్పేస్వామి, హనుమంతరాయప్ప, ఈరన్న వంటి పేర్లు సర్వసాధారణములు. కృష్ణాతీరపు ప్రూఫురీడరు చేతిలో తిప్పేస్వామి తిరుపతిస్వామిగా మారుటకు ఎంతో సేపు పట్టదు. ఇంటిపేరు పొడి అక్షరములు ముందు వచ్చునో వెనుక వచ్చునో తెలియక జరుగు గందరగోళము వేరు. కావున తరగతివారీగా పేర్ల ప్రూఫును నోటీసు బోర్డునకు అంటించి, ప్రతి విద్యార్థియు తన పేరును తానే చదివి, ప్రక్కన సంతకము చేసిన పిమ్మటనే ఫారమును ప్రెస్సునకు పంపవలెను.