పిల్లల్ని కరాటే క్లాసులో చేర్పిస్తున్నారా? ఫీజు కట్టే ముందు, డ్రెస్ కొనే ముందు ఇవి చూసుకోండి

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు.. కాలనీలో కరెంటు స్తంభాల మీద, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో, స్కూల్ గేట్ల దగ్గర కరాటే క్లాసుల పోస్టర్లు కనిపిస్తాయి. ‘నెల రోజుల్లో ఆత్మరక్షణ’, ‘ఏడాదిలో బ్లాక్ బెల్ట్’ అని పెద్ద పెద్ద అక్షరాలు. పిల్లాడు ఫోన్ వదలడం లేదనో, అమ్మాయి ఒంటరిగా ట్యూషన్‌కు వెళ్తోందనో తల్లిదండ్రులు వెంటనే ఆ నంబర్‌కు కాల్ చేస్తారు. మొదటి రోజే అడ్మిషన్, డ్రెస్, మూడు నెలల ఫీజు కట్టేసి వస్తారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. డ్రైవింగ్ స్కూల్ పెట్టాలంటే రవాణా శాఖ లైసెన్స్ కావాలి. కరాటే స్కూల్‌కు మన దగ్గర అలాంటి ప్రత్యేక లైసెన్స్ ఏమీ లేదు. నడుముకు నల్ల బెల్ట్ కట్టుకున్న ఎవరైనా బోర్డు పెట్టేయొచ్చు. బాగా నేర్పే మాస్టర్లు ఊరూరా ఉన్నారు. వాళ్ల పక్క వీధిలోనే రెండేళ్లు నేర్చుకుని మాస్టర్ అయిపోయిన వాళ్లూ ఉన్నారు. తేడా కనిపెట్టాల్సింది తల్లిదండ్రులే. మరి ఏం చూడాలి? ఏం అడగాలి?

కరాటేనా, తైక్వాండోనా, జూడోనా?

మన దగ్గర చాలామంది అన్నింటినీ కలిపి ‘కరాటే’ అనేస్తారు. కానీ మూడూ వేర్వేరు.

కరాటే పుట్టింది ఒకినావా దీవుల్లో. గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చాక జపాన్ అంతటా పాకింది. చేతి దెబ్బలు, కాలి కిక్‌లు రెండూ ఉంటాయి. షోటోకాన్, గోజు ర్యు, షిటో ర్యు, వాడో ర్యు ఇందులో పెద్ద శాఖలు.

తైక్వాండో కొరియాది. ఇందులో కాళ్లదే పెద్ద పని. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాల ఆటగా ఉంది.

జూడోను 1882లో జపాన్‌లో జిగోరో కానో మొదలుపెట్టారు. ఇందులో గుద్దడాలు, తన్నడాలు ఉండవు. పట్టుకోవడం, పడేయడం, నేల మీద అదిమి పట్టడం ఉంటాయి. కుస్తీ చూసిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

‘మీ అబ్బాయిని ఒలింపిక్స్‌కు పంపిస్తాం’ అని కరాటే మాస్టర్ చెబితే ఒక్క నిమిషం ఆగండి. కరాటే ఒలింపిక్స్‌లో ఉన్నది ఒక్కసారే. 2021లో జరిగిన టోక్యో 2020 క్రీడల్లో. పారిస్ 2024లో లేదు, లాస్ ఏంజిలెస్ 2028 జాబితాలోనూ లేదు. తైక్వాండో, జూడోలు మాత్రం ఉన్నాయి.

అయితే చిన్న పిల్లల విషయంలో ఏ విద్య అన్నదానికంటే ఎవరు నేర్పుతున్నారన్నదే ముఖ్యం. ఇంటికి గంట దూరంలో ఉన్న పెద్ద అకాడమీ కంటే పది నిమిషాల దూరంలో ఉన్న మంచి మాస్టర్ నయం. దూరం ఎక్కువైతే మూడో నెలకు క్లాసు మానేస్తారు.

మాస్టర్‌ను మొహమాటం లేకుండా అడగాల్సినవి

* మీరు ఎవరి దగ్గర, ఎన్నేళ్లు నేర్చుకున్నారు?
* మీ బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్ ఏ సంస్థ ఇచ్చింది? తైక్వాండో అయితే సియోల్‌లోని కుక్కివాన్ సంస్థ ఇచ్చిన డాన్ సర్టిఫికెట్ ఉందా?
* మీ స్కూల్ జిల్లా, రాష్ట్ర సంఘంలో నమోదై ఉందా? ఆ సంఘానికి జాతీయ గుర్తింపు ఉందా?
* క్లాసు మొత్తం మీరే తీసుకుంటారా? లేక సీనియర్ పిల్లలకు వదిలేస్తారా?
* ఒక బ్యాచ్‌లో ఎంతమంది? పిల్లలు, పెద్దవాళ్లు విడివిడిగా ఉంటారా?
* ఫస్ట్ ఎయిడ్ తెలుసా? బాక్స్ ఎక్కడుంది?

నిజాయితీగా నేర్పే మాస్టర్ ఈ ప్రశ్నలకు చిరాకు పడరు. సర్టిఫికెట్ తీసి చూపిస్తారు. గోడ నిండా సినిమా వాళ్లతో, రాజకీయ నాయకులతో దిగిన ఫొటోలున్నంత మాత్రాన అవి సర్టిఫికెట్లు కావు. ఆ మాస్టర్ దగ్గర మూడు, నాలుగేళ్లుగా నేర్చుకుంటున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో చూడండి. పాత విద్యార్థులు నిలిచి ఉన్నారంటే అదే పెద్ద సర్టిఫికెట్.

చేరే ముందు ఒక క్లాసు పూర్తిగా చూడండి

మంచి క్లాసు వార్మప్‌తో మొదలవుతుంది. ఒకటే పంచ్, ఒకటే కిక్ పదే పదే చేయిస్తారు. చూసేవాళ్లకు కాస్త బోరు కొడుతుంది. అది తప్పు కాదు, అసలు సాధన అలాగే ఉంటుంది. చేరిన వారానికే పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి ఫైట్ చేయిస్తున్నారంటే అక్కడ ఆలోచించాలి.

నేలను కూడా చూడండి. సిమెంట్ గచ్చు మీద, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పిల్లలతో దూకించడం మోకాళ్లకు, మడమలకు మంచిది కాదు. కరాటే, తైక్వాండోకు 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం ఉన్న రబ్బరు లాంటి మ్యాట్లు వాడతారు. పడేయడమే ప్రధానమైన జూడోకు కనీసం 40 మిల్లీమీటర్ల మ్యాట్ కావాలి. మ్యాట్ లేని చోట జూడో నేర్పిస్తామంటే వెనక్కి వచ్చేయండి.

ఇంకొకటి నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదింటికి కూడా మన దగ్గర ఎండ తగ్గదు. ‘క్లాసు మధ్యలో నీళ్లు తాగకూడదు, అది డిసిప్లిన్’ అనే మాస్టర్ దగ్గర పిల్లల్ని ఉంచొద్దు. డిసిప్లిన్‌కు, దాహానికి సంబంధం లేదు. వడదెబ్బ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

పెంకులు పగలగొట్టడం, చేతుల మీద బైకులు

స్కూల్ యాన్యువల్ డేలో పిల్లలు పెంకులు పగలగొడుతుంటే, చేతుల మీద నుంచి బైకులు పోతుంటే చప్పట్లు మోగుతాయి. వీడియో వైరల్ అవుతుంది. కానీ పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదలకు సంబంధించిన మెత్తటి భాగం ఉంటుంది. ఆడపిల్లల్లో సుమారు 13 నుంచి 15 ఏళ్లు, మగపిల్లల్లో 15 నుంచి 17 ఏళ్లు వచ్చేదాకా అది పూర్తిగా గట్టిపడదు. అక్కడ దెబ్బ తగిలితే ఆ చెయ్యి, ఆ వేలు సరిగా ఎదగకపోవచ్చు. అందుకే పదేళ్ల పిల్లాడితో పిడికిలి మీద పుషప్‌లు, పెంకుల ప్రదర్శనలు చేయిస్తామంటే తల్లిదండ్రులు ‘వద్దు మాస్టర్’ అని గట్టిగా చెప్పాలి.

ఫీజు ఒక్కటే కాదు.. ఏడాది ఖర్చు లెక్కేయండి

పోస్టర్ మీద నెల ఫీజు మాత్రమే ఉంటుంది. అసలు ఖర్చు తర్వాత వస్తుంది. ఉదాహరణకు నెలకు వెయ్యి రూపాయలు అనుకుందాం. ఏడాదికి 12,000. మూడు నెలలకోసారి బెల్ట్ టెస్ట్, ఒక్కోదానికి 1,500 అంటే నాలుగింటికి 6,000. డ్రెస్‌కు 1,200. రెండు టోర్నమెంట్ల ఎంట్రీ ఫీజు, ప్రయాణం కలిపి 3,000. మొత్తం 22,200. అంటే పోస్టర్‌లో కనిపించిన ఖర్చుకు దాదాపు రెట్టింపు!

కాబట్టి చేరే రోజే అన్నీ రాయించుకోండి. బెల్ట్ టెస్ట్ ఫీజు ఎంత? టోర్నమెంట్ తప్పనిసరా? డ్రెస్ వాళ్ల దగ్గరే కొనాలా? మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారా? ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటారు. మొదటి రెండు నెలలు మాత్రం నెల నెలా కట్టడమే మంచిది.

రికార్డుల పేరుతో వందల మంది పిల్లల్ని ఒక గ్రౌండ్‌లో నిలబెట్టి, ఒక్కొక్కరి దగ్గర డబ్బులు తీసుకుని, పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఇచ్చే కార్యక్రమాలూ ఉంటాయి. సరదాకు వెళ్లొచ్చు. కానీ అది విద్యకు కొలత కాదు.

డబ్బు సమస్య అయితే ప్రభుత్వ దారులు ఉన్నాయి. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ ఏటా వేసవి కోచింగ్ క్యాంపులు నడుపుతుంది. ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మీ స్కూల్‌లో జరుగుతోందో లేదో హెడ్‌మాస్టర్‌ను అడగండి.

ఏడాదిలో బ్లాక్ బెల్ట్ వస్తుందా?

పద్ధతిగా నేర్పే చోట రాదు. వారానికి రెండు, మూడు రోజులు తప్పకుండా వెళ్తే కనీసం మూడు, నాలుగేళ్లు పడుతుంది. పైగా నల్ల బెల్ట్ అంటే విద్య పూర్తయినట్టు కాదు. మొదటి డాన్ అంటే అసలు చదువు మొదలైనట్టు. తైక్వాండోలో 15 ఏళ్లలోపు పిల్లలకు డాన్ బదులు ‘పూమ్’ ఇస్తారు. వాళ్ల బెల్ట్ సగం ఎరుపు, సగం నలుపు ఉంటుంది.

మరో ముఖ్యమైన విషయం. ‘బ్లాక్ బెల్ట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుంది’ అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. బెల్ట్‌కు కోటా లేదు. కోటాకు లెక్కలోకి వచ్చేది గుర్తింపు ఉన్న ఫెడరేషన్లు, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ లాంటి సంస్థలు పెట్టే పోటీల్లో సాధించిన స్థానం. ‘నేషనల్’, ‘ఇంటర్నేషనల్’ అని బ్యానర్ కట్టిన ప్రతి టోర్నమెంట్‌కూ ఆ విలువ ఉండదు. ఎంట్రీ ఫీజు కట్టే ముందే దాన్ని ఏ సంస్థ నడుపుతోందో కనుక్కోండి.

డ్రెస్ ఎలా ఎంచుకోవాలి?

మూడు విద్యలకూ డ్రెస్ వేరు. కరాటే డ్రెస్ ముందు వైపు తెరిచి ఉంటుంది, పక్కన ముడులు వేసుకోవాలి. తైక్వాండో డ్రెస్ వీ ఆకారపు మెడతో తల మీదుగా తొడుక్కునేది. జూడో డ్రెస్ దళసరి నేత. కరాటే డ్రెస్‌తో జూడో ఆడితే మొదటి పట్టుకే చిరిగిపోతుంది.

* సైజు: వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి కొనాలి. సాధారణంగా 0 సైజు 130 సెంటీమీటర్ల ఎత్తుకు, 1 సైజు 140కి, 2 సైజు 150కి. కంపెనీని బట్టి కాస్త తేడా ఉంటుంది.
* బట్ట: కాటన్ ఉతికాక కుదించుకుపోతుంది కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోవచ్చు. రెండు సైజులు పెద్దది వద్దు, ప్యాంటు కాళ్లకు అడ్డం పడి పిల్లలు జారిపడతారు.
* బరువు: మొదట్లో తేలికపాటి డ్రెస్ చాలు. దళసరి కాన్వాస్ డ్రెస్ మన ఎండలకు, మొదటి ఏడాది పిల్లలకు అవసరం లేదు.
* ఉతకడం: క్లాసు అయ్యాక చెమట డ్రెస్‌ను బ్యాగులోనే వదిలేస్తే తామర లాంటి చర్మ సమస్యలు వస్తాయి. అదే రోజు చల్లటి నీళ్లలో ఉతకండి. బ్లీచ్ వద్దు.

అన్నట్టు, మొదటి రెండు వారాలు ట్రాక్ ప్యాంటు, టీషర్ట్‌తో పంపించండి. పిల్లలకు ఆసక్తి నిలిచిందని తేలాక డ్రెస్ కొంటే డబ్బు మిగులుతుంది. ‘డ్రెస్ లేకపోతే లోపలికి రానివ్వం’ అని మొదటి రోజే పట్టుబట్టే చోట వాళ్ల లెక్క వేరే ఉందని అర్థం.

దెబ్బ తగిలితే ఏం చేయాలి?

ఫైట్ మొదలయ్యే దశకు వచ్చాక మౌత్ గార్డ్, గ్లవ్స్, కాళ్లకు షిన్ గార్డ్, మగపిల్లలకు గ్రోయిన్ గార్డ్ ఉండాలి. మౌత్ గార్డ్ ఒకరిది మరొకరు వాడకూడదు.

తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, తూలడం, చెప్పిందే చెప్పడం, మగతగా ఉండటం.. వీటిలో ఏది కనిపించినా ఆ రోజు మళ్లీ మ్యాట్ ఎక్కించకూడదు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ‘ఏం కాదులే, లేచి ఆడు’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

మాట్లాడటానికి ఇబ్బంది అయినా అడగాల్సిందే

ఈ విద్యలో మాస్టర్ పిల్లల చెయ్యి, కాలు, భుజం పట్టుకుని సరిచేయాల్సి వస్తుంది. ‘సార్ చెప్పిందే వేదం’ అన్న భయం కూడా పిల్లల్లో ఉంటుంది. తల్లిదండ్రులు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. క్లాసు చూడటానికి తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలి. తలుపులు మూసి స్పెషల్ క్లాస్ ఒక్కరికే చెబుతానన్నా, వేరే ఊరి టోర్నమెంట్‌కు ఆడపిల్లల వెంట మహిళలు ఎవరూ లేకుండా తీసుకెళ్తానన్నా ఒప్పుకోవద్దు. కర్రతో కొట్టడం, అందరి ముందు అవమానించడం శిక్షణ కిందకు రావు.

క్లాసు నుంచి వచ్చాక ‘ఏ కిక్ నేర్చుకున్నావ్?’ అని అడిగినట్టే ‘ఎవరైనా నీకు నచ్చని విధంగా ముట్టుకున్నారా?’ అని కూడా మామూలుగా అడగండి. ఏదైనా తేడా అనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కాల్ చేయొచ్చు. పిల్లలపై లైంగిక వేధింపులు పోక్సో చట్టం కింద నేరం. తెలిసిన వాళ్లు ఫిర్యాదు చేయడం చట్టప్రకారం తప్పనిసరి.

కరాటే వస్తే ఇక భయం లేదా?

సినిమాలో హీరో పది మందిని పడేస్తాడు. బయట అలా జరగదు. నెల రోజుల క్యాంపుతో ఒక పెద్ద మనిషిని అమ్మాయి ఎదిరించగలదని నమ్మించడం ప్రమాదం. నిజమైన ఆత్మరక్షణలో మొదటి పాఠం తప్పించుకోవడం. గట్టిగా అరవడం, చెయ్యి విడిపించుకోవడం, జనం ఉన్న వైపు పరుగెత్తడం, 112కు కాల్ చేయడం. ఈ నాలుగూ నేర్పని ఆత్మరక్షణ క్లాసు సగం క్లాసే.

సాధనతో వచ్చే లాభం మాత్రం చిన్నది కాదు. ఒళ్లు వంగుతుంది, నిద్ర బాగా పడుతుంది, ఓడిపోయినా వంగి నమస్కరించడం అలవాటవుతుంది. భయపడినప్పుడు కాళ్లు బిగుసుకుపోకుండా కదలడం వస్తుంది.

కాబట్టి ఈ వారం తొందరపడకండి. మీ దగ్గర్లో ఉన్న రెండు, మూడు స్కూళ్లకు పిల్లల్ని తీసుకుని వెళ్లండి. ఒక్కో చోట ఒక క్లాసు పూర్తిగా చూడండి. ఇంటికి వచ్చాక ‘ఎక్కడ బాగుంది?’ అని పిల్లల్నే అడగండి. మీరు రాసుకున్న ఖర్చు లెక్క, వాళ్లు చెప్పిన జవాబు.. రెండూ కుదిరిన చోటే ఫీజు కట్టండి.