దినచర్యా లేఖనము - పరిసర సంచారము

తన కొఱకు తాను వ్రాసికొను పుస్తకములు మనలో రెండు తెగలుగా గలవు. ఒకటి దినవహి. అంగడిలో నాటి జమాఖర్చులను నాడే యెక్కించు పుస్తక మది. రెండవది దినచర్య. ఒకడు నాడు చేసినది, చూచినది, విన్నది వ్రాసికొన్న పుస్తకము. రేపటికి నిలిపిన పద్దు తప్పులకు మూలమని ప్రతి గుమాస్తాయు నెఱుగును. దినచర్య మాత్రము తీరిక దొరకినపుడు, మనసు పుట్టినపుడు వ్రాసికొనదగిన వినోదమని లోకుల తలంపు. తన యూరి చుట్టును కాలినడకను తిరిగి, చూచినదానిని వ్రాసికొనువానికి గూడ దినవహి నియమమే వలయునని యీ వ్యాసమున నిరూపింప యత్నించెదను.

మన భాషలో నిట్టి వ్రాతకు మేలైన యుదాహరణము ఏనుగుల వీరాస్వామయ్య రచించిన కాశీయాత్ర చరిత్ర. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి. 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరెను. పదునైదు నెలలకు మించిన యీ యాత్రలో తాను చూచిన విశేషములను మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు ఎప్పటికప్పుడు జాబులుగా వ్రాసి పంపుచుండెను. ఆయన 1836లో గతించెను. గ్రంథము 1838లో అచ్చుపడినది. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దానిని పరిష్కరించి ప్రకటించిరి.

తిరుపతి విడిచి కడపకు పోవుచు వీరాస్వామయ్య కోడూరు, పుల్లంపేట, నందలూరు, ఒంటిమిట్టల మీదుగా సాగెను. మంగంపేట యా త్రోవకు చేరువనే, ఓబులవారిపల్లె ప్రాంతమున గలదు. ఆయన మజిలీల నడిమి దూరము, నీటివసతి, అంగళ్ళు, దిగుటకు తగిన తావులు మొదలగువానిని గుఱించి వ్రాసికొనుచు పోయెను. ఇందు వర్ణనాచాతుర్యము లేదు. కాని నూటతొంబదియేండ్ల పిమ్మట మనకు పనికివచ్చుచున్నవి యివియే. క్షేత్రమాహాత్మ్యము స్థలపురాణములోను దొరకును. ఒక యూర నాడు అంగడి యుండెనా, బావినీరు త్రాగదగియుండెనా యనునది యా దినమున నచట దిగినవాడు తప్ప మఱియొకడు చెప్పజాలడు. భాష విషయమును నట్టిదే. కచేరీలలో వాడుకయందున్న హిందుస్థానీ, ఇంగ్లీషు మాటలను ఆయన సంస్కృతపదములలోనికి మార్చలేదు. అందువలన 1830 నాటి చదువరి పలుకుబడి కొంత మనకు దక్కినది.

అయినను యాత్రికుడు ఒక తావును చూచునది సామాన్యముగా నొక్కమాఱే. ఒకే తావును నూఱుమార్లు చూచువాని పని వేఱు. దీనికి నాకు తోచు నుత్తమోదాహరణము ఇంగ్లండులోని సెల్‌బోర్న్ పల్లెలో మతాచార్యుడుగా నుండిన గిల్బర్ట్ వైట్. ఆయన 1751లో తన తోటపనుల లెక్క వ్రాయ నారంభించెను. విత్తనము చల్లిన దినము, మొలక కనబడిన దినము, చలి, వాన, ఇట్టివే యందలి సంగతులు. తరువాత తన యూరి గట్లపై, పొదలలో తిరిగి చూచిన పక్షుల విషయమును ఏండ్ల తరబడి వ్రాసెను. కంటి కించుమించుగ నొక్కటిగా దోచు చిన్నపిట్టలలో కూతభేదమును బట్టి మూడు జాతులు గలవని ఆయన గుర్తించెను. అది యొకనాటి నడకలో తేలు విషయము కాదు. ఆయన గ్రంథము 1789లో అచ్చయ్యెను. అదియు మిత్రులకు వ్రాసిన లేఖల రూపముననే యుండుట గమనింపదగినది. ఎదుట చదువువాడొకడు గలడను తలంపు వ్రాతను తిన్నగా నుంచునేమో. ఇక పుదుచ్చేరి దుబాసీ ఆనందరంగపిళ్ళ 1736 మొదలు 1761 వఱకు తమిళమున వ్రాసిన దినచర్య రాజకీయవ్యవహారములలో మునిగినది. గురజాడ అప్పారావుగారి దినచర్యలు చాలవఱకు ఇంగ్లీషున నున్నవి. రెండును ఘనములే గాని మన విషయమునకు కొంత దూరము.

ఇక నా సొంత తప్పు చెప్పవలయును. ఇరువదియేండ్ల క్రిందట, పరిశోధకవిద్యార్థిగా నున్నపుడు, సెలవులలో మంగంపేట చుట్టుప్రక్కల వేకువజామున నడచుట నాకలవాటు. ఈ యూరిపేరు నేడు ఖనిజశాస్త్ర మెఱిగినవారికందఱకు తెలియును. ఒకేచోట నిక్షిప్తమైన బెరైటీసు నిల్వలలో ప్రపంచమున మిక్కిలి పెద్దదిగా దీనిని చెప్పుదురు. నీటికంటె నాలుగింతలకు పైగా బరువైన యీ రాతిపొడిని చమురుబావులు త్రవ్వునపుడు ద్రవములో కలిపి, లోపలినుండి తన్నుకొనివచ్చు నూనెను, వాయువును అణచియుంచుటకు వాడుదురు. ఊరివారు బెరైటీసు అనరు, ముగ్గురాయి యందురు. ఒక పేరు కర్మాగారముది, ఒకటి వాకిలిది. ఈ రాతిని తనలో నిడుకొన్న శిలాస్తరములకు భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పుల్లంపేట. వీరాస్వామయ్య దాటిపోయిన యూరే యది.

నాటి నా పుస్తకమును ఇప్పుడు చూచిన సిగ్గగును. ఉదయభానుని కిరణములు, మంచుతెరలు, మనఃప్రశాంతి పుటలు పుటలుగా నున్నవి. ఒకచోట "ఆదివారము. పాతబావి యొద్ద కూర్చుంటిని. గొఱ్ఱెలకాపరి యొకడు చాలసేపు మాటలాడెను" అని యున్నది. ఏ యాదివారమో తెలియదు. ఆ బావిపేరు పాతబావి కాదు. దానిని త్రవ్వించినవారిని బట్టి వచ్చిన పేరొకటి దానికి గలదని ఆ కాపరి చెప్పెను. తెలిసినదే గదా, ఎప్పుడైన వ్రాయవచ్చునని యూరకుంటిని. కాలక్రమమున గని విస్తరించినది. దానికి చేరువనున్న కొన్ని నివాసములు వేఱుతావులకు తరలినవి. బావి, దాని ప్రక్కనున్న చింతమాను, అచటికి పోవు కాలిబాట మూడును త్రవ్విపోసిన మట్టిగుట్ట క్రిందికి పోయినవి.

కొన్నియేండ్లకు పిమ్మట, ఊరు మారిన కుటుంబములలోని యొక వృద్ధురాలు నన్ను గుర్తించి, "మా బాయి సంగతి పుస్తకంలో రాసుకున్నావంట గదా నాయినా, యాడ, ఒకతూరి సదువు" అని యడిగెను. ఆ బావిక్రింద వారికి రెండు కయ్యలుండెనట. నాయొద్ద చదువుటకు ఉదయభానుడు తప్ప మఱేమియు లేకపోయెను. ఆమెనే పేరడిగితిని. ఒక పేరు చెప్పి, తన యత్తగారు వేఱొకటి యనెడివారనెను. ఆమె కంటె పెద్దవాడొకడు ఆ రెండును గావనెను.

ఇది యొక బావికి మాత్రమే పట్టిన గతి గాదు. పూర్వము గ్రామవిషయములను కరణములు కవిలెలలో వ్రాసియుంచెడివారు. మెకంజీ దొర సహాయులు సేకరించిన కైఫియత్తులకు ఆ కవిలెలు ముఖ్యమైన యాధారము. 1984లో కరణీకములు రద్దయినవి. కవిలెలు వ్రాయు కాలము అంతకు చాలముందే గడచినది. భూమిలెక్కలలో ప్రతి చేనికిని సర్వే నంబరు కలదు. జనులు పిలుచు పేరు నందు వెదకిన దొరకుట యరుదు. భూమి యున్నంతకాలము పేరు నాలుకపై నుండును. భూమి పోయిన, దానిని పిలువవలసిన పనియే లేదు గనుక ఒక తరములో నది మఱుగుపడును.

భాషాపరిశోధకులకు దీనియం దింకొక ప్రయోజనము గలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములను జిల్లాలవారీగా నిచ్చినది. అది ప్రశ్నలడిగి రాబట్టిన సంపద. అడిగినపుడు చెప్పు మాటయు, పనిలో నుండగా వాయి జాఱు మాటయు నొక్కొకప్పుడు వేఱుగా నుండును. కోడూరుసీమలో నన్ను చూచి "మడి" యనువాడు కొడుకును పిలుచునపుడు "కయ్య" యనును. నాతో "గేదె", ఇంటిలో "ఎనుము". ఇట్టి భేదము నడకలో వినబడునే గాని ప్రశ్నావళిలో చిక్కదు. అదియు నారాత్రియే వ్రాసికొన్న యెడలనే. మఱునాటికి మన చెవి దానిని మనకు తెలిసిన రూపమునకు దిద్దుకొనును. ఇది నేను నాయందే పరీక్షించి చూచితిని.

ఆ వృద్ధురాలి మాట విన్నది మొదలు నా పద్ధతి మార్చుకొంటిని. తేదీ వ్రాయనిదే పుట తెఱవను. ఏ పేరునైనను ముందు పలికినట్లు వ్రాసి, తరువాతనే నాకు తోచిన శుద్ధరూపమును ప్రక్కన వ్రాయుదును. దూరమును అడుగులలో లెక్కించెదను. చెప్పినవాని పేరు వ్రాయను, ఈడును పనియు వ్రాసెదను. దారిలో కొన్న అరటిపండ్ల ధర కూడ వ్రాసెదను. మిత్రులు నవ్వుదురు. వర్ణనలు పూర్తిగా మానలేదు. మనిషి తన సంతోషమును వ్రాసికొనరాదను నియమ మెవరును చేయజాలరు. అవి పుట చివర నుండును.

రెండేండ్లుగా మా విద్యార్థులను గూడ వేసవిలో తమ యూళ్ళ పొలిమేరలు నడచి యిట్లు వ్రాసి తెమ్మని కోరుచున్నాను. పలువురు నాలుగుదినములు వ్రాసి విడిచిరి. ఒక విద్యార్థిని మాత్రము తన యవ్వతో నడచి, ఒక వంక ప్రక్కనున్న కయ్యల పేర్లన్నియు వ్రాసి తెచ్చినది. అందొకదానికి మూడు పేర్లున్నవి. అవ్వ యొకటి యనును, తండ్రి యొకటి యనును, కౌలుదారు మఱియొకటి యనును. ఏది సరియైనదని యామె నన్నడిగినది. మూటిని, ఎవరు ఏది యనిరో, ఏ తేదీన అనిరో చేర్చి, అట్లే యుంచుమంటిని.