పాతకారునకు రేకుపని, రంగుపని

తండ్రులనాటి అంబాసిడరు కారు కూచిపూడివంటి మన గ్రామములలో నేటికిని ఒకానొక యింటి కొట్టమున నిలిచియుండవచ్చును. 2014లో దాని నిర్మాణమే ఆగినది గావున, పాడుచేసిన రేకునకు మాఱు దొరకుట కష్టము. పనివాని నెన్నుకొనుటయే ముఖ్యము.

పామర్రు మీదుగా విజయవాడకు బోయినచో, ఆటోనగరున టింకరింగు, పెయింటింగు దుకాణములు పెక్కులున్నవి. ముందుగా ధర యడుగవలదు. సగము పనియైన బండిని చూపుమనుడు. తళతళలాడు రంగు లోపములను దాచును, రంగు పడని రేకు దాచలేదు. పూర్తియైన బండి యున్నచో, అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి తలుపుల యడుగునను మడ్‌గార్డుల యంచులను ఆనించి చూడుడు. పట్టు తప్పినచోట, తుప్పును కోసి క్రొత్తరేకు అతుకక, పుట్టీ దట్టముగా మెత్తిరని యెఱుగవలెను. మన డెల్టాలో గాలియే తడి. ఆ తుప్పు లోలోపల రేకును తినుచునే యుండును.

మఱియొకటి. 2021 నాటి కేంద్రనిబంధనల ప్రకారము, 50 ఏండ్లు దాటి అసలురూపు చెడని కారే వింటేజి వాహనముగా నమోదగును. ఛాసిస్, బాడీ, ఇంజనులను మార్చినచో ఆ యర్హత పోవును. “క్రొత్త ఫ్యాషనుగా మార్చి యిత్తు”నను వానికి నమస్కరించి వచ్చివేయుడు.

రంగు మాత్రము మాఘ ఫాల్గునములలో వేయింపుడు. ముసురు దినములలో కొన్నిరంగులు మంచు పట్టినట్లు తెల్లనగును.