చందా 57 డాలర్లు, బాధ్యత అందరిదీ

ఇలినాయ్ రాష్ట్రంలో మార్క్ జానస్ అనే ప్రభుత్వోద్యోగి జీతంలోంచి నెలనెలా 44 డాలర్ల 58 సెంట్లు కోత పడేది. ఆయన యూనియన్ సభ్యుడు కాదు, అయినా కట్టక తప్పేది కాదు. పూర్తి చందాలో అది 78.06 శాతం. జీతాల బేరానికీ ఫిర్యాదుల పరిష్కారానికీ అయ్యే ఖర్చులో వాటాను సభ్యులు కానివారి దగ్గర కూడా వసూలు చేయవచ్చనీ, రాజకీయ ఖర్చు మాత్రం వాళ్ల మీద వేయకూడదనీ అమెరికా సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. ఆ కేసు వేసింది డెట్రాయిట్ బడిపంతుళ్లు. 2018 జూన్ 27న జానస్ కేసులో అదే కోర్టు 5–4 మెజారిటీతో ఆ తీర్పును కొట్టేసింది. అప్పటినుంచి ప్రభుత్వ బడుల టీచర్లకు 50 రాష్ట్రాలూ ‘ఓపెన్ షాప్’ కిందే లెక్క. ఇష్టముంటే చందా కడతారు, లేకుంటే మానేస్తారు.

కోర్టులో వాదనంతా భావ ప్రకటనా స్వేచ్ఛ మీద నడిచింది. పే స్లిప్పులో మాత్రం లెక్క వేరు. 44.58 అనేది 78.06 శాతమైతే పూర్తి చందా సుమారు 57.11 డాలర్లు. తీర్పుకు ముందు సభ్యత్వం వదులుకుంటే నెలకు మిగిలేది పన్నెండున్నర డాలర్లే. తీర్పు తర్వాత 57.11 మొత్తం మిగులుతుంది. అంటే బయటికి వెళ్లినందుకు దక్కే లాభం ఒక్క రోజులో నాలుగున్నర రెట్లయింది. దేశంలోని రెండు పెద్ద టీచర్ యూనియన్లు, ఎన్‌ఈఏ, ఏఎఫ్‌టీ, చెరో ఎనభై వేలకు పైగా ఇలాంటి ‘వాటా చెల్లింపుదారుల’ను కోల్పోయాయి.

చందా ఐచ్ఛికమైతే యూనియన్‌కూ మామూలు అడ్వొకసీ గ్రూపుకూ ఇక తేడా ఏముందని చాలామంది అడుగుతారు. తేడా చందాలో లేదు, చట్టం నెత్తిన పెట్టిన బరువులో ఉంది. స్కూల్ డిస్ట్రిక్టులో టీచర్లందరి తరఫునా బేరమాడే ఏకైక ప్రతినిధిగా యూనియన్ గుర్తింపు పొందితే, చందా కట్టనివారికీ అదే ఒప్పందం వర్తిస్తుంది. వాళ్లను న్యాయంగా చూడాల్సిన బాధ్యత కూడా యూనియన్‌దే. వెయ్యి మంది టీచర్లలో ఆరు వందల మందే చందా కట్టారనుకోండి. 600 చందాలతో 1,000 మందికి బేరమాడాలి. అడ్వొకసీ గ్రూపుకు ఈ బెడద లేదు. ఆరు వందల మంది సభ్యులుంటే ఆరు వందల మంది మాటే మాట్లాడుతుంది, మిగతా నాలుగు వందల మందికి అది జవాబుదారీ కాదు.

యూనియన్లు దీన్ని అన్యాయమంటాయి. ఎదుటి పక్షం మాటలోనూ పస ఉంది. ఏకైక ప్రతినిధి హోదా యూనియన్ కోరి తెచ్చుకున్నదే, పోటీ సంఘాన్ని బేరం బల్ల దగ్గరికి రానివ్వని అధికారమది, దానికి కొంత మూల్యం ఉంటుందన్నది వాళ్ల వాదన. న్యూయార్క్ రాష్ట్రం 2018లోనే మధ్యేమార్గం పట్టింది. కొన్ని క్రమశిక్షణ, ఫిర్యాదు వ్యవహారాల్లో సభ్యులు కానివారి తరఫున యూనియన్ నిలబడనక్కర్లేదని చట్టం మార్చింది. నాకు ఇది నిజాయతీ గల పరిష్కారంగా తోస్తుంది. అయితే ఆ మేరకు యూనియన్ కూడా ‘మా సభ్యులకే మేము’ అనే గ్రూపు వైపు ఒక అడుగు జరిగినట్టే.

విస్కాన్సిన్‌లో జరిగింది ఇంకా మొరటు వ్యవహారం. గవర్నర్ స్కాట్ వాకర్ 2011లో తెచ్చిన ‘యాక్ట్ 10’ ప్రకారం యూనియన్ బేరమాడదగినది మూల వేతనం ఒక్కటే, అదీ ధరల పెరుగుదల మేరకే. జీతంలోంచి చందా కోత నిషేధం. పైగా ఏటా గుర్తింపు ఎన్నిక జరగాలి, అందులో యూనిట్‌లోని మొత్తం ఉద్యోగుల్లో 51 శాతం మద్దతు రావాలి. వంద మందిలో అరవై మంది ఓటేసి, యాభై మంది యూనియన్‌కే వేశారనుకోండి. ఓడినట్టే! ఇంట్లో కూర్చున్న నలభై మందీ ‘వద్దు’ అన్నట్టు లెక్క. ఈ కొలత పెడితే ఎంతమంది ఎమ్మెల్యేలు గెలుస్తారో చెప్పలేం. రాష్ట్రంలో అన్ని రంగాలూ కలిపి 2010లో 14.2 శాతంగా ఉన్న యూనియన్ సభ్యత్వం కొన్నేళ్లలోనే 8 శాతం దరిదాపులకు పడిపోయింది. ఈ చట్టంపై కోర్టు పోరాటాలు తర్వాత కూడా సాగాయి.

టెక్సాస్‌లో ప్రభుత్వ టీచర్లకు సామూహిక బేరమే నిషేధం. అక్కడ పెద్ద సంఘాల్లో ఒకటైన ఏటీపీఈ ‘మేం యూనియన్ కాదు’ అని చెప్పుకుంటుంది. సభ్యులకు న్యాయ సహాయం, బీమా ఇస్తుంది, శాసనసభ్యుల దగ్గర లాబీయింగ్ చేస్తుంది. పక్కనే ఎన్‌ఈఏ, ఏఎఫ్‌టీ అనుబంధ సంఘాలూ దాదాపు ఆ పనే చేస్తున్నాయి. బేరం హక్కు లేనప్పుడు యూనియన్ అన్నది పేరులోనే ఉంటుంది.

తెలుగు టీచర్లకు ఈ పరిస్థితి కొత్తేమీ కాదు. పీఆర్సీ ఫిట్‌మెంట్ యూటీఎఫ్ సభ్యుడికీ పీఆర్‌టీయూ సభ్యుడికీ ఏ సంఘంలోనూ లేనివారికీ ఒకటే. అందరి తరఫునా సంతకం పెట్టే ఏకైక హక్కు ఏ సంఘానికీ లేదు. పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్లు ‘వర్క్‌మెన్’ కారని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో తేల్చింది. అమెరికా కొలతతో చూస్తే మన సంఘాలు అడ్వొకసీ గ్రూపులకే దగ్గర. కాకపోతే అమెరికా టీచర్లకు లేనిదొకటి మనవాళ్లకుంది. శాసనమండలి టీచర్ల నియోజకవర్గాల్లో ఆంధ్రప్రదేశ్‌కు 5, తెలంగాణకు 3 సీట్లు.

బేరం హక్కు లేకపోతే బలమూ లేనట్టేనా? 2018 ఫిబ్రవరి 22న వెస్ట్ వర్జీనియాలో టీచర్ల సమ్మెతో 55 కౌంటీల్లోనూ బడులు మూతపడ్డాయి. అక్కడ సామూహిక బేరానికి చట్టం లేదు, సమ్మె చట్టవిరుద్ధమని అటార్నీ జనరల్ ముందే ప్రకటించారు. 27న గవర్నర్‌తో 5 శాతం జీతాల పెంపు కుదిరిందనీ, తరగతులకు వెళ్లండనీ సంఘాల నేతలు చెప్పారు. టీచర్లు కదల్లేదు. గవర్నర్ మాట వేరు, చట్టం వేరన్నారు. సెనేట్ మధ్యలో దాన్ని 4 శాతానికి కోసినప్పుడు వాళ్ల అనుమానం నిజమైంది. మార్చి 6న 5 శాతం చట్టమైంది, టీచర్లకే కాదు, రాష్ట్ర ఉద్యోగులందరికీ. 7న బడులు తెరిచారు.